షట్టరు ముందు చెప్పుల వరుస

రాత్రి పది దాటాక ఆ మెట్లు ఎవరూ ఎక్కరు.

కింద ఒక దర్జీ కొట్టు, పక్కనే ఫోన్లు బాగుచేసే కొట్టు, ఆ రెండింటి మధ్య నుంచి పైకి ఇరుకు మెట్లు. పైన ఒకే ఒక్క గది. తుప్పు పట్టిన షట్టరు, దాని మీద పిడికిలి బిగించిన వస్తాదు బొమ్మ. ముఖం వెలిసిపోయింది, పిడికిలి మిగిలింది. ఒకప్పుడది వీడియో గేముల దుకాణం. నడిపినాయన్ని వీధి వీధంతా గేముల మావయ్య అనేవాళ్ళు. ఆయన పోయి ఏడాదైంది.

షట్టరు దించిన నెలకే మొదలైందట...

కాపలావాడు ఒక రాత్రి షట్టరు ముందు ఒక జత ఆడవాళ్ళ చెప్పులు చూశాడట. తెల్లారేసరికి లేవట. ఆ కాపలావాడు రాత్రిళ్ళు మేలుకుని ఉంటాడని నమ్మేవాళ్ళు ఈ మాట కూడా నమ్మొచ్చు. ఎదురింటి నర్సు మాత్రం అబద్ధాలాడే మనిషి కాదు. డ్యూటీ దిగి వస్తూ విందట — లోపల ఇనుము మీద ఇనుము తగిలినట్టు ఠంగ్... ఠంగ్... ఆ వెనకాలే ఒక ముసలి గొంతు, బతిమాలుతున్నట్టు —

"ఇంకొక్క ప్రాణం... ఒక్కటంటే ఒక్కటి... ఈసారి వదలను..."

మర్నాడే నర్సు పగటి డ్యూటీకి మారిపోయింది.

ఇక మన దర్జీ సంగతి. కొట్టు బోర్డు మీద 'ఛాంపియన్ టైలర్స్' అని ఉంటుంది. కుట్టులో ఛాంపియన్ అనుకునేరు. వాడు కుట్టిన చొక్కా వేసుకుని చెయ్యెత్తినవాళ్ళకి ఆ అనుమానం రాదు. ఆ పేరు పై గదిలోంచి వచ్చింది.

మావయ్య దుకాణంలో మూలన ఒక మిషను ఉండేది. ఆట పేరు 'ఏడు వాకిళ్ళు'. చేతిలో కత్తి లేదు, కర్ర లేదు, ఉట్టి చేతుల వీరుడు. వాకిలికొక శత్రువు. మూడు దెబ్బలు తగిలితే ప్రాణం పోతుంది. పోతే మళ్ళీ మొదటి వాకిలి నుంచే. జాలి, దయ, సగంలో ఆపి రేపు ఆడటం — ఇవేవీ ఆ మిషనుకు తెలియవు. ఏడో వాకిట్లో రాక్షసుడుంటాడనుకుంటారా? ఒక బక్క ముసలాడు వాకిలి ఊడుస్తుంటాడు. వాడి చేతిలో చీపురే. ఆ చీపురుతోనే వీధిలో ఒక తరం మగపిల్లల్ని ఊడ్చేశాడు.

అయినా జనం విరగబడేవాళ్ళు. చెంపదెబ్బ తిన్నవాడు రెండో చెంప పట్టుకుని క్యూలో నిలబడేవాడు. ఆ క్యూ కూడా మనుషులది కాదు, చెప్పులది. అది మావయ్య పెట్టిన పద్ధతి. చెప్పులు విప్పి షట్టరు ముందు వరసలో పెట్టాలి. ముందున్నవాడు చస్తే, వెనక జతలన్నీ ఒక అడుగు ముందుకి జరపాలి. మావయ్య కూడా రోజూ తన జత అందరికన్నా చివర పెట్టేవాడు. పట్టీ తెగితే ఆకుపచ్చ వైరుతో కట్టుకున్న జత అది. "అందరూ అయ్యాక నేను" అనేవాడు. అందరూ ఎప్పుడూ అవలేదు. ఆయన వంతు రాకుండానే పోయాడు.

ఆయన పోయిన వారానికి మన దర్జీ ఒక మాట వదిలాడు: చివరి రోజున చీపురు ముసలాణ్ణి తాను పడగొట్టాడట. చూసింది మావయ్య ఒక్కడేనట. సాక్షిని ఎంచుకోవడంలో మనవాడు బహు జాగ్రత్తపరుడు.

వీధి నమ్మింది. బోర్డు మారింది. కూతురు బడిలో చెప్పుకుంది. అంతా బాగానే ఉండేది, ఫోన్ల కొట్టు బామ్మర్దికి ప్రేమ పొంగకపోతే.

"బావా, పై గది ఖాళీ చేయిస్తున్నారు. రేపు పొద్దున మిషను బండెక్కుతుంది."

"మంచిదే. దెయ్యం గొడవ వదిలిపోతుంది."

"ఎక్కేముందు ఒక్కసారి ఆన్ చేద్దాం. చీపురు ముసలాణ్ణి గెలిచినవాళ్ళ పేర్లు తెర మీద వస్తాయి కదా, నీ పేరు ఫోటో తీసి ఫ్రేము కట్టిస్తా. అక్క వస్తానంది. నీ కూతురు సగం క్లాసుని పిలిచింది."

దర్జీ సూది వేలికి గుచ్చుకుంది. "అంత హడావిడి ఎందుకురా..."

"నీకు మొహమాటం ఎక్కువ బావా."

ఆ రాత్రి పదకొండింటికి దర్జీ కత్తెర తీశాడు. బట్ట కోసే కత్తెర కాదు. దర్జీ అన్నవాడు దానితో బట్ట తప్ప ఇంకేదీ కొయ్యడు, పరువు పోతున్నా సరే. కాగితాలు కోసే పాత కత్తెర తీశాడు. పైకెళ్ళడం, మిషను తీగ కోసెయ్యడం, దిగిపోవడం. రేపు మిషను వెలగదు. పేర్లు రావు. ఛాంపియన్ ఛాంపియన్‌గానే ఉంటాడు.

మొదటి మెట్టు... రెండో మెట్టు...

ఏడో మెట్టు మీద ఆగాడు.

పైనుంచి వినపడుతోంది. ఠంగ్... ఠంగ్... ధబ్.

షట్టరు కింద మూరెడు సందు. ఆ సందులోంచి నీలం వెలుగు వచ్చి నేల మీద పాకుతోంది. ఆ వెలుగులో... ఒక జత ఆడవాళ్ళ చెప్పులు.

దర్జీకి రెండే దార్లు. వెనక్కి తిరిగితే రేపు కూతురి ముఖం. ముందుకి వెళ్తే ఇదీ.

"ఇంకొక్క ప్రాణం..." అంది లోపల గొంతు. "రారా... రా... నీ అంతు చూస్తా..."

అప్పుడు మనవాడు చేసిన పని ఆ దుకాణంలో పెరిగినవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు. దొంగతనంగా తీగ కొయ్యడానికి వచ్చిన మనిషి, లోపల దెయ్యముందని నమ్మిన మనిషి, తన చెప్పులు విప్పి ఆ జత వెనకాల వరసగా పెట్టాడు. అలవాటు. తర్వాత వంగి, సందులోంచి దూరాడు.

తెర ముందు స్టూలు మీద ఒక ఆకారం. తెల్లటి జుట్టు. భుజాల మీద శాలువా. రెండు చేతులూ మీటల మీద ఆడుతున్నాయి.

ఆకారం తిరక్కుండానే అంది —

"ఎవడ్రా అది? వెలుగుకి అడ్డం తప్పుకో."

ఆ గొంతు వినగానే దర్జీ రెండు చేతులూ వాటంతటవే కట్టుకున్నాయి. దెయ్యమైతే బాగుండేది.

పెద్ద టీచరు! బళ్ళో నలభై ఏళ్ళు పాఠం చెప్పి, హెడ్మాస్టరుగా దిగిపోయిన మనిషి. గేముల మావయ్యకి సొంత అక్క. "పిల్లల్ని చెడగొట్టే కొంప" అని తమ్ముడు బతికుండగా ఈ గుమ్మం తొక్కని మనిషి. ఇదే వీధిలో పిల్లల్ని చెవి పట్టుకుని ఈ మెట్ల మీద నుంచే ఈడ్చుకెళ్ళిన మనిషి.

"టీచర్... మీరా?"

"కత్తెరెందుకురా?"

చెప్పేశాడు. ఆవిడ ముందు అబద్ధం ఎప్పుడూ నిలబడలేదు.

"ఎనిమిదో తరగతిలో కాపీ చీటీ, ఇప్పుడు కత్తెర. ఎదిగావు" అంది టీచరు, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండా.

"మీరేంటి టీచర్ ఇక్కడ?"

"తమ్ముడు పోయాక కరెంటు ఆపేద్దామని వచ్చా. అందరూ దేనికింత చచ్చిపోతారో చూద్దామని ఒక్కసారి మీట నొక్కా. ఎనిమిది క్షణాల్లో చంపేసింది." ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. "నన్ను!"

"అందుకని ఏడాది నుంచీ..."

"ఇంట్లో కోడలు గ్లాసు కూడా ఎత్తనివ్వదు. బయట అందరూ పక్కకి జరిగి దారిస్తారు. నేను తప్పు మాట్లాడినా తలలూపుతారు. ఈ చీపురు వెధవ ఒక్కడే నన్ను ముసలిదాన్నని చూడడు. తప్పు చేస్తే కొడతాడు. ఒప్పు చేస్తే వదులుతాడు. ఇంత న్యాయంగా నేనైనా పేపర్లు దిద్దలేదు." శాలువా భుజాల మీదికి లాక్కుంది. "నా తమ్ముడు ఇది తెలిసే పెట్టాడు. నేనే ఒక్కసారి వచ్చి అడగలేదు."

తెర మీద ముసలాడు చీపురు ఎత్తాడు. దర్జీ కళ్ళు చీపురు మీద. టీచరు కళ్ళు ఇంకెక్కడో.

"చీపురు చూస్తే చస్తావు. భుజం చూడు. కొట్టేముందు కుడి భుజం ఒక్క వెంట్రుకంత లేస్తుంది. అప్పుడు అడ్డం పెట్టు." ఠంగ్! "ఎదురు కొట్టాలని తొందరపడకు." ఠంగ్! "వాడు అలిసేదాకా ఆగు." ఠంగ్!

ముసలాడు చీపురు కింద పెట్టి, వంగి దణ్ణం పెట్టాడు.

తెర మీద గెలిచినవాళ్ళ పట్టీ వచ్చింది. అందులో ఒక్కటే పేరు — 'హెచ్చెమ్'. దాని కిందంతా ఖాళీ.

"టీచర్... ఆ రెండో గీత మీద నా పేరు..."

"కూర్చో. నువ్వే రాసుకో."

కూర్చున్నాడు. పదకొండుసార్లు చచ్చాడు. అన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్ళింది మూడో వాకిలిదాకా. పన్నెండోసారి కూర్చోబోతుంటే టీచరు లేచింది.

"చాలు. తెల్లారితే నిజం చెప్పేసెయ్. ఓడిపోవడంలో సిగ్గు లేదు. గెలిచానని చెప్పుకోవడంలోనే ఉంది."

ఆవిడే ప్లగ్గు ఊడదీసింది. తీగ చుట్టలా చుట్టి మిషను మీద పెట్టింది. ఇద్దరూ సందులోంచి బయటికొచ్చారు. షట్టరు నేలదాకా దించారు.

టీచరు ఫోను లైటు వేసింది, చెప్పుల కోసం.

ముందు టీచరు జత. దాని వెనక దర్జీ జత. దాని వెనక...

మూడో జత.

ఎడమ పట్టీకి ఆకుపచ్చ వైరు కట్టి ఉంది.

"టీచర్," అన్నాడు దర్జీ, "ఇవి... మీరు పెట్టారా?"

"వాడి చెప్పులు వాడితోనే పంపించేశాం కదరా..." అంది టీచరు మెల్లిగా.

షట్టరు వెనక నీలం వెలుగు పాకింది. ప్లగ్గు లేని మిషను వెలిగింది.

ఠంగ్... ధబ్. ధబ్. ధబ్. ఎవరో చచ్చారు. మళ్ళీ మొదలు. ఠంగ్... ధబ్.

దర్జీ పరిగెత్తాడు. చెప్పులు లేవు, కత్తెర లేదు, వెనక్కి చూడటం లేదు. నాలుగేసి మెట్లు ఒక్క అంగలో. కింద మెట్టు దగ్గర రొప్పుతూ ఆగి, టీచరు రాలేదని గుర్తొచ్చి తలెత్తాడు.

ఆవిడ కదల్లేదు. ఆ ఇనప షట్టరుకి చెంప ఆనించి నిలబడి ఉంది. జీవితంలో ఎవరూ వినని గొంతుతో, గుసగుసగా —

"చీపురు చూడకురా తమ్ముడూ... భుజం చూడు... తొందరపడకు..."

లోపల నిశ్శబ్దం.

తర్వాత... ఠంగ్!

*

పొద్దున్న వీధంతా మెట్ల మీదే. బండివాడు తాళ్ళతో రెడీ. టీచరు శాలువా కప్పుకుని, ఇలాంటి కొంపలో ఏనాడూ కాలు పెట్టనిదానిలా ముఖం పెట్టి ఒక పక్కన నిలబడింది. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

షట్టరు లేచింది. బామ్మర్ది ప్లగ్గు పెట్టాడు. మిషను వెలిగింది.

"ఒకటో పేరు హెచ్చెమ్... ఎవరబ్బా?" అన్నాడు బామ్మర్ది. "రెండోది..." వాడు తెర దగ్గరికి వంగాడు. "ఇవి మావయ్య పేరులో అక్షరాలు కదూ? బావా, ఆయన ఎప్పుడూ ఆడలేదు కదా? నీ పేరేదీ?"

దర్జీ తెర వైపు చూడటం లేదు. షట్టరు ముందు నేల చూస్తున్నాడు.

ఆకుపచ్చ వైరు జత లేదు. టీచరు జత ఆవిడ కాళ్ళకే ఉంది. రాత్రి రెండో స్థానంలో వదిలేసి పారిపోయిన తన చెప్పులు ఇప్పుడు వరసలో అందరికన్నా ముందు, గడప అంచుకి ఆనించి, ముచ్చటగా జతచేసి పెట్టి ఉన్నాయి.

ఎవరో ముందుకి జరిపారు.

"నేను గెలవలేదు" అన్నాడు దర్జీ. కూతురి వైపు చూసి చెప్పాడు. "ఒక్కసారి కూడా గెలవలేదు. ఇప్పుడు నా వంతు వచ్చింది."

వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి వాకిలి. ఠంగ్. ధబ్. ధబ్. ధబ్. ఎనిమిది క్షణాలు. సగం క్లాసు నోళ్ళు తెరుచుకుని ఉంది.

"నాన్నా," అంది కూతురు, "నువ్వు కుడివైపు చూడటం లేదు."

దర్జీ చొక్కా చేతులు పైకి మడిచాడు. తాను కుట్టిందే, చంక దగ్గర చిరిగింది.

"ఇంకొక్క ప్రాణం..." అన్నాడు. "ఒక్కటంటే ఒక్కటి... ఈసారి వదలను."

గుంపులో ఎదురింటి నర్సు ఒళ్ళు జలదరించి వెనక్కి తగ్గింది.

బామ్మర్ది మాత్రం ముందుకొచ్చాడు. మెల్లిగా చెప్పులు విప్పి, బావ జత వెనకాల పెట్టాడు. వాడి వెనక కూతురు. ఆ వెనక సగం క్లాసు.

అందరి చివర, తాళ్ళు భుజాన వేసుకునే, బండివాడు.