పదకొండూ పది

బుధవారం ఉదయం పదిన్నరకి తాతయ్య గడియారం బొమ్మ గీశాడు. రెండుముప్పావు చూపించమంటే పదకొండూ పది చూపించాడు.

అది మతిమరుపు జబ్బుకి కొత్త మందును పరీక్షిస్తున్న ఆసుపత్రి. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లనే తీసుకుంటారు. కిందటి నెల తాతయ్యని పదకొండూ పది గీయమన్నారు. అంకెలన్నీ ఒక పక్కకే పోగుపడ్డాయి. ఈసారి ఎవరూ అడక్కపోయినా అదే గీశాడు. ఎక్కడి అంకె అక్కడే ఉంది.

పరీక్ష పెట్టిన సైకాలజిస్టు కాగితం పట్టుకుని బయట బెంచీ దగ్గరికి వచ్చింది. అక్కడ మనవడు కూర్చున్నాడు.

"మీరేం చేస్తుంటారు?"

"లెక్కల ట్యూషన్లు చెప్తాను."

"అదీ సంగతి. తాతగారికి కోచింగ్ ఇచ్చారా?"

లెక్కల మాస్టారు తప్పించుకోబోయాడు. రోజూ కాఫీ అయ్యాక ఆ బొమ్మే గీయించానని చివరికి ఒప్పుకున్నాడు. మార్కులు తక్కువొస్తే తీసుకోరేమోనని భయపడ్డాడట.

"ఇక్కడ ఫస్టు ర్యాంకు వస్తే ఇంటికి పంపేస్తామండీ. జబ్బు ఎంతవరకు వచ్చిందో మాకు తెలియాలి. మీరు దానిమీద సున్నం కొట్టారు."

తాతయ్య అవకాశాన్ని చేజేతులా పాడుచేశానని మాస్టారికి అప్పుడర్థమైంది. 

"గడియారం చూడటం నాకు నేర్పింది ఆయనేనండీ," అన్నాడు.

 ఆమె లోపలికెళ్లి పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చింది. నేటి పరీక్ష రద్దు చేశారనీ, రెండు నెలలాగి మళ్లీ పెడతారనీ చెప్పింది. అప్పటిదాకా ఆయన చేతికి పెన్సిల్ ఇవ్వొద్దంది.

పెన్సిల్ దాచారా అని వారం తర్వాత ఫోన్ చేసింది. దాచానన్నాడు. పై వారం మళ్లీ అదే అడిగింది. మూడో ఫోనులో ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు, పెన్సిల్ ఊసే రాలేదు.

రెండు నెలలకి వెళ్తే, పరీక్ష గదిలో వేరే ఆయన ఉన్నాడు. మాస్టారు గతుక్కుమన్నాడు. ఆమె కాఫీ మెషిన్ దగ్గర కనిపించింది.

"మా కేసు వదిలేశారట. ఇంకా కోపం తగ్గలేదా?"

"పరీక్ష పెట్టేవాళ్లకి పేషెంటు ఇంటివాళ్లతో సంబంధం ఉండకూడదు. రూలు."

"మనకేం సంబంధం ఉంది?"

"మూడో ఫోను మర్నాడే వదిలేశాను. లెక్కల మాస్టారు కదా, లెక్క వేసుకోండి."

ఆమె వెళ్లిపోయింది. అతని కప్పు నిండి కాఫీ చేతిమీద పడింది.

కొత్త పరీక్షా, మెదడు స్కానూ చూసి తాతయ్యని తీసుకున్నారు. మొదటి డోసు రోజున ఆమె సెలవు పెట్టి మంచం పక్కన కూర్చుంది. పోల్చి చూడటానికి కొందరికి మందు బదులు ఉత్త సెలైనే ఎక్కిస్తారు, ఎవరి సీసాలో ఏముందో ఎవరికీ చెప్పరు. అదీ రూలే.

"ఎవర్రా ఈ అమ్మాయి?" అన్నాడు తాతయ్య.

ఆసుపత్రి మేడమని చెప్పబోయాడు మాస్టారు, ఆమె ముందే అందుకుంది.

"మీ మనవణ్ణి చేసుకోబోయే అమ్మాయిని, తాతయ్యగారూ."

"మంచిదమ్మా. వీడికి గడియారం చూడటం మళ్లీ నేర్పు. ఎక్కడికీ టైముకి రాడు."

కాసేపటికి తాతయ్య మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది.

మూడోసారి మాస్టారు అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది.