ఖాళీగా వెళ్ళని బండి

మడుగు గట్టున ఒక జత చిన్న బూట్లు. గులాబీ రంగువి, వెల్‌క్రో పట్టీలవి. పక్కపక్కనే పొందిగ్గా పెట్టి ఉన్నాయి.

వాటిని తొడుక్కోవాల్సిన పిల్ల లేదు.

అక్టోబర్ చివరి ఆదివారం. సాయంత్రం నాలుగూ పది. డిటెక్టివ్ గార్డా సూర్యప్రభ కారు దిగేసరికి మబ్బు బాగా కిందికి దిగి పాత సత్రం పొగగొట్టాల మీద కూర్చున్నట్టుంది.

కిల్‌బ్రాక్ కోచ్ స్టాప్. రెండు వందల ఏళ్ళ కిందట డబ్లిన్ నుంచి గాల్వే వెళ్ళే గుర్రపు బళ్ళు ఇక్కడ ఆగేవి. అలిసిన గుర్రాలను విప్పి, వేరేవి కట్టేవాళ్ళు. ఇప్పుడు గుర్రాలు లేవు, ప్రయాణికులు లేరు. సత్రం, గుర్రాల శాల, వెనక పొలం మాత్రం అప్పటిలాగే ఉంచారు. టికెట్ కొని చూసి వెళ్ళొచ్చు. ఎవరూ పడుకోని మంచాల మీద దుప్పట్లు పరిచి ఉన్నాయి. ఎవరూ తినని బల్ల మీద పళ్ళేలు సర్ది ఉన్నాయి. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు ఉంటుంది.

సూర్యప్రభ తొమ్మిదో ఏట ఇండియా నుంచి ఐర్లండ్‌లోని డ్రోహెడా వచ్చింది. తల్లి అక్కడ హాస్పిటల్లో నర్సు. తను గార్డ్స్‌లో, అంటే ఇక్కడి పోలీసుల్లో, చేరి ఏడేళ్ళు. తప్పిపోయిన పిల్లది తెలుగు కుటుంబమని తెలియగానే సార్జంట్ కీలీ ఆమెకు ఫోన్ చేశాడు. తండ్రి మాట్లాడుతున్నాడనీ, తల్లికీ నానమ్మకీ ఇంగ్లిష్ నోట రావడం లేదనీ చెప్పాడు.

పిల్ల పేరు సహస్ర. ఐదేళ్ళు. ఇల్లు డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో. తండ్రి గిరీష్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తల్లి చరిత, చంకలో ఎనిమిది నెలల బాబు. గిరీష్ తల్లి నాగరత్నం తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి మూడు వారాలైంది.

కీలీ టైములు చదివాడు. మూడూ పదికి గుర్రాల శాల దగ్గర నానమ్మ పిల్లను చివరిసారి చూసింది. మూడూ ఇరవైకి తల్లి వెతకడం మొదలుపెట్టింది. మూడూ ముప్పై ఐదుకి బూట్లు దొరికాయి.

"మధ్యలో పది నిమిషాలు. ఐదేళ్ళ పిల్ల పది నిమిషాల్లో ఎంత దూరం పోతుంది?" అన్నాడు.

మడుగు వైపు చూశాడు. నీళ్ళు నల్లగా కదలకుండా ఉన్నాయి. డైవర్లు ఐదున్నరకు వస్తారు.

గేటు దాటిన బళ్ళ సంగతి ఆమె అడిగింది. కెమెరా చూశామనీ, మూడు తర్వాత ఒక్క బండీ బయటికి పోలేదనీ చెప్పాడు. అంతకుముందు రెండూ నలభైకి ఒక లారీ మ్యూజియం సామాను రిపేరుకి పట్టుకెళ్ళిందట. అప్పటికి పిల్ల ఇక్కడే ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేశారు.

సూర్యప్రభ గట్టు మీద గొంతుకూర్చుంది. గ్లవ్ వేసుకుని బూటు లోపల వేళ్ళు పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఖాళీగా ఉంది. రెండోదీ అంతే. బూట్ల ముందు భాగం నీళ్ళ వైపు లేదు. నీళ్ళకు వీపు పెట్టి ముంగిట్లోకి తిరిగి ఉంది.

ఆమె లేచి చుట్టూ చూసింది. బూట్లకు ఎదురుగా రాళ్ళు పరిచిన ఖాళీ జాగా. అంతే.

చరిత గోడ పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. బాబు వీపు నిమురుతూనే ఉంది. వాడు ఎప్పుడో నిద్రపోయాడు.

"ఆయనే చెప్పాడండీ, ఇక్కడి గైడు, ఆ రాబర్ట్," అంది అడక్కుండానే. "చప్పుడు చెయ్యని బండి ఒకటి వస్తుందట. డెక్కల శబ్దం కూడా వినపడదట. వచ్చిందంటే ఎవరో ఒకర్ని ఎక్కించుకునే పోతుందట. ఖాళీగా వెళ్ళదట. సహస్ర నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు."

"పాపకి మేజోళ్ళు వేశారా?"

"వేశాను. పసుపువి, బాతుల బొమ్మలవి. చలికి రెండు జతలు వేద్దామనుకున్నా. బూటు పట్టలేదు."

"తనే విప్పేసుకుంటుందా?"

"బూట్లు విప్పుతుంది. మేజోళ్ళు విప్పదు. కాళ్ళకి చలి పడుతుందని నేనే భయపెట్టి ఉంచాను."

"మీరు ఎక్కడున్నారు?"

చరిత తల దించుకుంది. భోజనాలయ్యాక కార్లో బాబుకి పాలిస్తూ కూర్చుందట. రాత్రిళ్ళు వాడు నిద్రపోనివ్వడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఖూనీ ఒప్పుకుంటున్నట్టు చెప్పింది ఆ మాట.

"పాపది గాఢనిద్రా?"

"ఆకు రాలినా లేస్తుంది. ఇంతమంది ఇన్నిసార్లు పిలిచాం. ఎక్కడున్నా పలకాలి కదా."

గిరీష్ కమ్మరి కొలిమి దగ్గర ఫోటోలు తీసుకుంటున్నాడు. పిల్ల వాళ్ళమ్మ దగ్గర ఉందనుకున్నాడు. నాగరత్నం కోడలి దగ్గర ఉందనుకుంది. చరిత మొగుడి దగ్గర ఉందనుకుంది. ముగ్గురు పెద్దవాళ్ళున్న చోట పిల్ల ఎవరి దగ్గరా లేదు.

నాలుగూ ఇరవై. గార్డ్స్ అనుమానమంతా రాబర్ట్ మీదే ఉంది. అరవై దాటిన మనిషి. ఇక్కడ కాపలా అతనే, గైడూ అతనే. మధ్యాహ్నం పిల్లకు యాపిల్ ఇవ్వడం నాగరత్నం చూసింది. అతని గది రెండుసార్లు వెతికారు. ఏమీ దొరకలేదు.

యాపిల్ ఇచ్చిన మాట నిజమేనన్నాడు. వెనక పొలంలో ఉన్న ఇంటి వంటగది చూడటానికి వచ్చినప్పుడు కుటుంబమంతా గడప బయటే బూట్లు విప్పారట. అక్కర్లేదని ఎంత చెప్పినా వినలేదట. ఇరవై ఏళ్ళలో అలా చేసినవాళ్ళని చూడలేదట. పిల్ల మేజోళ్ళతో రాతి నేల మీద నడుస్తూ, ఇది ఎవరిల్లని అడిగితే ముచ్చటేసి పండు ఇచ్చాడట.

మాట్లాడుతున్నంతసేపూ అతని చూపు మడుగు వైపు పోలేదు.

నాగరత్నాన్ని సత్రం వంటగదిలో కూర్చోబెట్టారు. చీర మీద స్వెటర్, దాని మీద కొడుకు కోటు. చేతిసంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఎవరో ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"మూడూ పదికే చూశారా ఆంటీ? ఖాయమేనా?"

"ఖాయమేనమ్మాయ్. వాచీ చూసే చెప్తున్నా."

"పాప ఏమంది?"

"నిద్రొస్తోంది నానమ్మా అంది. మీ అమ్మ దగ్గరికి పోయి పడుకోమన్నా. సరేనని ఆ మూల తిరిగింది."

"పగలు పడుకునే అలవాటుందా?"

నాగరత్నం సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది.

సూర్యప్రభ బల్ల మీద కాకుండా ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీదే కూర్చుంది. మా అమ్మమ్మ ఇండియా నుంచి వస్తే సూట్‌కేసులో సగం మందులే ఉండేవి ఆంటీ, అంది. కస్టమ్స్‌వాళ్ళు నవ్వుకునేవాళ్ళంది.

ఆవిడ కళ్ళు నిండాయి. సంచిలోంచి ఒక సీసా తీసింది. వాంతుల సిరప్.

పొద్దున వచ్చేటప్పుడు సహస్ర కార్లో రెండుసార్లు కక్కిందట. తిరుగు ప్రయాణంలో అలా కాకూడదని అన్నం తినగానే ఒక చెంచా పట్టిందట. ఆ మందు వద్దని ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ చెప్పాడు. కోడలు నాలుగుసార్లు చెప్పింది.

"పిల్ల కక్కితే అది ఏడుస్తుందమ్మా. అది ఏడిస్తే నేను చూళ్ళేను. అందుకే పట్టా. మత్తొస్తుందని తెలుసు. మత్తులో అటు నడిచి నీళ్ళలో..."

కిటికీ వైపు చూసి, వాచీ చూసుకుంది.

"ఐదున్నర అయిపోయింది. చీకటి పడిపోతోంది తల్లీ."

సూర్యప్రభ తన ఫోన్ చూసింది.

నాలుగూ ముప్పై.

లేచి నిలబడింది. ఒక్క నిమిషంలో అందర్నీ వంటగదిలోకి పిలిపించింది. కీలీ, గిరీష్, చరిత, రాబర్ట్. ఎవరూ కూర్చోలేదు.

"ఈ తెల్లవారుజామున ఐర్లండ్‌లో గడియారాలు గంట వెనక్కి జరిపారు," అంది సూర్యప్రభ. "మన ఫోన్లు వాటంతటవే మారాయి. ఆంటీ చేతి వాచీ మారలేదు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. ఎవరూ చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది?"

గిరీష్ నుదురు పట్టుకున్నాడు. తల్లికి ఆ సంగతి చెప్పలేదు. తట్టలేదు.

"ఆంటీ పాపను చూసింది మూడూ పదికి కాదు. రెండూ పదికి. అంటే పాప కనపడకుండా పోయింది పది నిమిషాలు కాదు, గంటా పది నిమిషాలు. ఆ గంటలో ఈ గేటు దాటిన బండి ఒకటుంది. రాబర్ట్, ఆ లారీ ఏం తీసుకెళ్ళింది?"

అతని పెదవులు తెల్లబడ్డాయి. "కోచ్. పాత మెయిల్ కోచ్, వెనకటి తపాలా గుర్రపు బండి."

"ఎక్కడ ఉండేది?"

"మడుగు పక్కనే. వెనకటికి ఎండిన చెక్క చక్రాలు ఉబ్బడానికి నీళ్ళలో దింపేవాళ్ళు. అందుకే అక్కడ నిలబెట్టాం."

"నీళ్ళ వైపు తలుపు ఉందా?"

"రెండు వైపులా ఉంది."

సూర్యప్రభ తెలుగులోకి తిరిగింది. చరిత కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"నీళ్ళలో దిగాలనుకున్న పిల్ల ముందు మేజోళ్ళు విప్పుతుంది, బూట్లలో దోపుతుంది. ఇక్కడ బూట్లున్నాయి, మేజోళ్ళు లేవు. బూట్లు నీళ్ళ వైపు చూడటం లేదు, బండి మెట్టు వైపు చూస్తున్నాయి. లోపల మెత్తని సీట్లు, కిటికీలు, తలుపు. మీ పాప కంటికి అది చిన్న ఇల్లు. ఇంట్లోకి వెళ్ళేటప్పుడు ఏం చెయ్యాలో మీరు నేర్పారు. అదే చేసింది. బూట్లు బయట విడిచి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళి, తలుపేసుకుని పడుకుంది. తర్వాత కోచ్ వెళ్ళిపోయింది. బూట్లు మిగిలాయి."

చరిత గోడ పట్టుకుంది.

కీలీ రాబర్ట్ వైపు తిరిగాడు. ఎక్కించే ముందు లోపల చూడటం నీ పని కాదా అని అడిగాడు.

"నా పనే. కాగితం మీద సంతకం కూడా పెట్టాను." రాబర్ట్ గొంతు వినపడీ వినపడనట్టుంది. "ముంగిటి వైపు నుంచి తోలు తెరలు దించేశాను. కళ్ళు మూసుకుని. ఇరవై ఏళ్ళుగా ఆ కథ చెప్తున్నాను సార్. ఖాళీ బండిలోకి నేను చూడను. చూడలేను."

కీలీ ఫోన్ కలిపాడు. కోచ్ రిపేరు చేసే షెడ్డు ముల్లింగార్ దారిలో ఉంది, ఇరవై నిమిషాల దూరం. అక్కడ ఎవరూ ఎత్తలేదు. లారీ డ్రైవర్ దొరికాడు. మూడున్నరకల్లా దింపేసి, తాళం వేసి ఇంటికొచ్చేశాడట. రేపు సోమవారం బ్యాంక్ హాలిడే. షెడ్డు మళ్ళీ తెరిచేది మంగళవారం.

రెండు రాత్రులు. మత్తులో ఉన్న ఐదేళ్ళ పిల్ల. బయట అప్పుడే నాలుగు డిగ్రీలు.

ఐదూ రెండు. పొలాల మధ్య రేకుల షెడ్డు. అటువైపు నుంచి వచ్చిన గస్తీ కారు, ఇటువైపు నుంచి వెళ్ళిన వీళ్ళ కార్లు ఒకేసారి ఆగాయి. అంబులెన్స్ ఇంకా దారిలో ఉంది. ఒక గార్డ్ కట్టర్‌తో తాళం తెంపాడు.

లోపల నూనె, పాత తోలు వాసన. టార్చ్ వెలుగులో కోచ్ నల్లగా నిలబడి ఉంది. గుర్రాలు లేవు, తోలేవాడు లేడు. తెరలు దించి ఉన్నాయి. చప్పుడు లేదు.

చరిత బాబును గిరీష్ చేతికిచ్చింది. అందరికంటే ముందు నడిచింది. మెట్టు దగ్గర ఆగిపోయింది. తలుపు మీద చెయ్యి వేసింది. తియ్యలేకపోయింది.

"సహస్రా," అంది.

జవాబు లేదు.

సూర్యప్రభ ఆమె చేతి మీద తన చెయ్యి వేసి తలుపు లాగింది.

సీటు మూల చిన్న ముద్ద. పసుపు మేజోళ్ళు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, జాకెట్ టోపీ ముఖం మీదికి లాక్కుని పడి ఉంది. కదలిక లేదు.

చరిత పిలవలేదు, తట్టలేదు. బాబు పుట్టిన కొత్తలో రోజూ చేసినట్టు, పిల్ల ముక్కు కింద వేలు వెనక భాగం ఆనించింది. ఊపిరి బిగబట్టి నిలబడింది.

సూర్యప్రభ టార్చ్ కదలకుండా పట్టుకుంది. లోపల తనూ లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు.

"వెచ్చగా ఉంది," అంది చరిత.

అప్పుడు పిల్ల ముఖం ముడుచుకుంది. కళ్ళు సగం తెరిచింది.

"మామీ, ఐ యామ్ ఫ్రీజింగ్," అంది, అచ్చం స్కూల్లో పిల్లల యాసలో.

దూరంగా అంబులెన్స్ సైరన్ వినిపించింది. నాగరత్నం షెడ్డు వాకిట్లోనే నిలబడిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. సిరప్ సీసా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. దారిలోనే కోడలికి తనే చూపించింది.

గిరీష్ తల్లి వైపు తిరిగి, "అసలు నీకు ఎన్నిసార్లు..." అన్నాడు.

"ఇప్పుడు కాదండీ," అంది చరిత. "ఆ మాట నేను అడుగుతాను. ఇంటికెళ్ళాక అడుగుతాను. నాకూ చెప్పుకోవాల్సింది ఉంది, నిద్రపోయింది నేనే."

పిల్లను ఎత్తబోయింది. రెండు చేతులూ ఆకుల్లా కొట్టుకుంటున్నాయి. ఎత్తలేకపోయింది.

"అత్తయ్యా, రండి. మీరు ఎత్తుకోండి. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

నాగరత్నం వచ్చింది. కొడుకు కోటు విప్పి పిల్లకు చుట్టి, భుజాన వేసుకుంది. చీకట్లో అంబులెన్స్ దీపాల వైపు నడిచింది.

చరిత ఆవిడ కొంగు చివర పిడికిట్లో పట్టుకుని, పక్కనే నడిచింది. అంబులెన్స్ తలుపులు మూసేదాకా వదల్లేదు.