తిరిగి వస్తానన్న సర్టిఫికెట్

2058 మార్చి 14, గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. రాహుకాలం నడుస్తోంది. కాకినాడ సర్పవరం జంక్షన్ దగ్గర కొత్తగా పెట్టిన ధ్రువీకరణ కేంద్రంలో, గాజు గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టి, మాణిక్యాంబ గొంతు మీద బొట్టుబిళ్ళంత సెన్సర్ ఒకటి, పక్కటెముకల మీద ఇంకొకటి అతికించింది డాక్టర్ మృణాళిని. ఆ కేంద్రంలోని యంత్రం ఆవిడ చేతిమీదుగానే నడుస్తుంది.

"మూడు దాటాక చేస్తే కుదరదా అమ్మా?" అని మెల్లిగా అడిగింది మాణిక్యాంబ.

"రాహుకాలం గురించా మామ్మగారూ? రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈ వంతు పోతే మళ్ళీ ఆర్నెల్లకి గానీ దొరకదు."

మాణిక్యాంబ కళ్ళు మూసుకుని ద్రాక్షారామం అమ్మవారిని తలుచుకుంది. ఆ తల్లి పేరే ఆవిడకి పెట్టారు. ఎదుటి కుర్చీల్లో కొడుకు శశాంక్, కోడలు ధరణి అవే బిళ్ళలు అతికించుకుని కూర్చున్నారు.

వచ్చిన పని కోడలిది. ధరణి లెక్కల టీచరు. పిల్లలకి పాఠాలు చెప్పే పని యంత్రాలకి అప్పగించేశాక ఆమె పనిచేసే బడి మూతపడింది. మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో అంతే. ఉత్తర సముద్రం ఒడ్డున ఒక చిన్న దేశం మాత్రం, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి మనిషే చదువు చెప్పాలని చట్టం చేసుకుంది. తీరా చూస్తే వాళ్ళకి టీచర్లు లేరు. అందుకని బయటివాళ్ళని మూడేళ్ళ వీసా మీద పిలుస్తున్నారు. ఆ కబురు విన్న రోజు ధరణి వంటింటి గట్టు మీద పిండితో త్రిభుజం గీసి, ఎవరూ లేని గోడకి పాఠం చెప్పుకుంది. తలుపు చాటునుంచి అంతా చూసింది మాణిక్యాంబ.

అప్పట్నుంచీ కాగితాల వేట. పదో తరగతి, ఇంటరు, డిగ్రీ, బీఎడ్, పోలీసువారి నడవడిక పత్రం, భర్త సమ్మతి పత్రం. ప్రతిదానికీ నోటరీ ముద్ర, దాని మీద రాష్ట్రం ముద్ర, దాని మీద ఢిల్లీ ముద్ర. మూతపడ్డ బడినుంచి అనుభవ పత్రం తేవడానికి, అప్పటి హెడ్మాస్టరు పిఠాపురంలో కూతురి దగ్గర ఉన్నాడని తెలిసి అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళి సంతకం పెట్టించుకొచ్చారు. వచ్చిన ప్రతి కాగితాన్నీ మాణిక్యాంబ దేవుడి అరలో పెట్టి, నాలుగు మూలలా పసుపు అద్దింది. వాళ్ళింట్లో పెళ్ళి శుభలేఖకైనా, ఇంటి దస్తావేజుకైనా అలా అద్దందే బయటికి తీయరు. తీరా ముద్ర వేసే ఆఫీసులో, మరకలున్న డిగ్రీ పత్రం చెల్లదని తిప్పికొట్టారు. నకలు తెప్పించుకోవడానికి రెండు నెలలు పట్టింది. ధరణి "మీరు పసుపు పెట్టబట్టే మిగతావన్నీ గట్టెక్కాయత్తయ్యా" అని నవ్వేసింది.

ఇక మిగిలింది ఇదొక్కటే. తిరుగురాక సర్టిఫికెట్.

అదేమిటో మాణిక్యాంబకి అర్థమయ్యేలా డాక్టరు చెప్పింది. ఇదివరకు ఇల్లు, పొలం, బ్యాంకు కాగితాలు చూసి ఈ మనిషి వెనక్కి వస్తుందో రాదో తేల్చేవారట. అవన్నీ దొంగవి పుట్టించడం మరీ సులువైపోయింది. అందుకని ఊపిరిని పట్టుకున్నారు.

"మాట్లాడితే ఊపిరి ఖర్చవుతుంది కదండీ. మళ్ళీ కలుస్తామనుకుని సెలవు తీసుకునే మనిషి, మాట అయిపోయినా కాస్త ఊపిరి అట్టేపెట్టుకుంటుంది. చెప్పాల్సింది ఇంకా ఉందన్నట్టు. ఇదే ఆఖరనుకుంటే మాత్రం లోపలున్నదంతా వదిలేస్తుంది. ఈ సంగతి ఆ మనిషికి తెలియదు. మేం ఆ మిగిలిన ఊపిరిని కొలుస్తాం."

"వెళ్ళేవాళ్ళది కొలవండి. ఇంట్లో ఉండేవాళ్ళది ఎందుకమ్మా?"

"తాడుకి రెండు కొసలుంటాయి కదా మామ్మగారూ. ఇంటి కార్డులో పేరున్న ప్రతివాళ్ళూ ఆమె రాకకోసం చూడాలి. వెళ్ళే మనిషికి మాత్రం ఇంట్లో ఏ ఒక్కరి మీద మనసు గట్టిగా ఉన్నా చాలు."

"మరి మేం నోటితో ఏమనాలి?"

"మీరు మామూలుగా ఏమంటారో అదే అనండి. ఆమె వెళ్ళొస్తానంటుంది, మీరు వెళ్ళి రమ్మంటారు. తెలుగువాళ్ళకి ఈ పరీక్ష సులువండీ, పుట్టినప్పట్నుంచీ అలవాటే."

ముందు మొగుడూ పెళ్ళాల వంతు. ధరణి అతని వైపు తిరిగి "వెళ్ళొస్తానండీ" అంది. అతను కుర్చీలో వెనక్కి వాలి "వెళ్ళిరా టీచరమ్మా" అన్నాడు. అలా అనడం అతనికి ఓ వేడుక.

శశాంక్ చెయ్యెత్తే మనిషి కాదు. ఎత్తితే నలుగురికీ కనపడేది. అతను మాట మానేస్తాడు. కూరలో కారం ఎక్కువైందనో, ఫోన్లో ఎవరితోనో నవ్విందనో మొదలవుతుంది. నెలలు గడిచిపోతాయి. భార్య వడ్డించిన కంచం ముందు కూర్చుని, ఆమె అక్కడ లేనట్టే, ఉప్పు అందించమని తల్లినడుగుతాడు. ఆ గుణం అతని తండ్రిది. తాళి కట్టిన మనిషి నోటివెంట తన పేరు వినకుండా మాణిక్యాంబ ఎన్నేళ్ళు గడిపిందో ఆవిడకీ ఆ దేవుడికీ తెలుసు. కోడలి మొహంలో ఒకప్పటి తన మొహం కనపడటం మొదలైన నాటినుంచీ, దీపం పెట్టినప్పుడల్లా ఆవిడ ఒకటే కోరుకునేది. ఈ పిల్లని ఈ ఇంట్లోంచి దాటించు తల్లీ అని.

అయితే ఆ మాట పైకి అనడానికి లేదు. వీసా ముద్ర పడేదాకా భర్త సమ్మతి ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. శశాంక్ సంతకం పెట్టిందే, ఎలాగూ తిరిగి రావలసిందేగా అన్న ధీమాతో.

ధరణి అత్తగారి వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. "వెళ్ళొస్తానత్తయ్యా."

మాణిక్యాంబకి ఆ క్షణాన రాహుకాలం, యంత్రం ఏవీ గుర్తులేవు. విమానం దిగి, మంచు పడే ఊళ్ళో, పిల్లల మధ్య సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ కోడలు కనిపించింది. "వెళ్ళిరా అమ్మా" అంది. అంటూనే గుండెల్లో ఎన్నాళ్ళుగానో బిగపట్టుకున్నదంతా వదిలేసింది. లోపల మనసు మాత్రం, రాకు తల్లీ, ఇక్కడికి మళ్ళీ రాకు అంటోంది.

గోడమీది తెరలో ఎర్రగీత వెలిగింది.

డాక్టరు తెర వంక కాసేపు చూసి, ఇంకొక్కసారి అనమంది. రెండోసారి మాణిక్యాంబ జాగ్రత్తపడింది. మాట అయ్యాక ఊపిరి గట్టిగా బిగబట్టుకుంది. బిగబట్టింది కాబట్టి లెక్కలోకి రాదని యంత్రం తోసేసింది. మూడో అవకాశం నిబంధనల్లో లేదు.

ఫలితాలు అందరి ముందూ చదవడం ఆ కేంద్రంలో నిబంధన. డాక్టరు గొంతు తగ్గించి చదివింది. భార్య తిరిగి రావాలని శశాంక్‌కి ఉంది, నూటికి తొంభై పైచిలుకు. అతని కోసం తిరిగి రావాలని ధరణికి ఉన్నది చాలా తక్కువ. అయినా ఆమె గట్టెక్కింది. అత్తగారితో వెళ్ళొస్తానన్నప్పుడు ఆమె అట్టేపెట్టుకున్నంత ఊపిరి ఈ కేంద్రంలో ఇదివరకెన్నడూ నమోదు కాలేదట.

"పెద్దావిడ దగ్గర మాత్రం సున్నా వచ్చింది. ఈవిడ మీ రాకకోసం చూడరని యంత్రం చెబుతోంది. ఎందుకన్నది అది చెప్పలేదు. కొలిచేది ఎంతన్నదొక్కటే."

ధరణి బిళ్ళలు తానే ఊడదీసుకుని పళ్ళెంలో పెట్టింది.

శశాంక్ పెద్దగా నవ్వాడు. "చూశావా టీచరమ్మా. అత్తయ్యా, అత్తయ్యా అంటావుగా. ఈ ఇంట్లో నువ్వు కావాలనుకునేది నేనొక్కణ్ణే. ఇదిగో, ప్రభుత్వం వారి లెక్క."

ఇక వేరే దారి లేదా అని ధరణి అడిగింది. నిబంధన ఏమిటో డాక్టరు చెప్పింది. ఇంటి కార్డులో పేరు లేనివాళ్ళ ఊపిరి లెక్కలోకి రాదు. పెద్దావిడ వేరేచోట ఉంటున్నట్టు కార్డు మార్చి తెస్తే, మిగతా రెండూ నిలబడతాయి; ధరణి ఊపిరి గట్టిదని నమోదైపోయింది గనక, అది ఎవరి మీదన్నది మళ్ళీ చూడరు. అయితే ఈ పరీక్ష రేపు మధ్యాహ్నం వరకే చెల్లుతుంది. చెప్పేటప్పుడు ఆవిడ మాణిక్యాంబ వైపు చూడలేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. శశాంక్ వాలుకుర్చీలో కూర్చున్నాడు. ధరణి అత్తగారి ఎదురుగా నేలమీద చతికిలబడి అడిగింది.

"ఎందుకత్తయ్యా? నేనేం తక్కువ చేశాను?"

మాణిక్యాంబ నోరు తెరిచింది. కొడుకు చెవులు ఇటే ఉన్నాయి. నిజం ఒక్కటి పైకొస్తే అతను చెయ్యాల్సింది ఎంతని, ఫోను తీసి సమ్మతి రద్దు చేసి మాట మానేయడమే కదా. ఈ పిల్ల మళ్ళీ ఆ కంచాల మధ్యే తిరగాలి. ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామంటే, వద్దన్నా ఊరుకోదు. మీకోసమైనా ఉండిపోతానంటుంది. ఆ పిల్ల తీరు ఆవిడకి తెలుసు. ఇవాళ యంత్రం కూడా అదే చెప్పింది.

"యంత్రం అబద్ధం చెప్పదుగా అమ్మా" అంది మాణిక్యాంబ. "నా పేరు తీయించెయ్యండి. తునిలో మా వదిన ఒక్కత్తే ఉంటోంది. అక్కడికి పోతాను."

ధరణి లేచి వంటింట్లోకి వెళ్ళి, ఆ రాత్రికి ముగ్గురికీ మూడు చోట్ల కంచాలు పెట్టి, అత్తగారిని పిలవకుండానే వెళ్ళి పడుకుంది.

మర్నాడు శుక్రవారం. శుక్రవారం నాడు ఆ ఇంటి ఆడమనిషిని పొరుగూరికి పంపడమన్నది ఇంతవరకూ జరగలేదు. మాణిక్యాంబ తెల్లవారకముందే స్నానం చేసి దీపం పెట్టింది. అరలోంచి అమ్మవారి పటం ఒక్కటి తీసి చీరలో చుట్టుకుంది. పేరు తీసెయ్యాలంటే తీయబోయే మనిషి వేలిముద్ర కావాలి. కోడలు ఫోను పట్టుకుంటే ఆవిడ బొటనవేలు ఆనించింది. ధరణి ఆవిడ సంచి సర్దింది. బీపీ మాత్రలు పొద్దుటివీ రాత్రివీ వేరువేరుగా కట్టి, పైన పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది. తలెత్తి చూడలేదు. మీరనడం తప్ప అత్తయ్యా అనలేదు.

కేంద్రం తెరిచే వేళకి అక్కడుండాలి కాబట్టి శశాంక్, ధరణి కూడా అప్పుడే బయల్దేరారు. గుమ్మం ముందు రెండు ఆటోలు ఆగాయి. ఒకటి సర్పవరానికి, ఒకటి బస్టాండుకి. ముగ్గురూ ఒకేసారి గడప దాటడంతో, వెళ్ళొస్తామని చెప్పడానికి లోపల ఎవరూ మిగల్లేదు. శశాంక్ తాళం వేసి, పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూశాడు.