గోడకు అటూ ఇటూ

ఆ సోమవారం ఉదయం అక్రాయిడ్ వారింట్లో ఫలహారం ఎప్పటిలాగే ప్రార్థనతో మొదలై వాదనలోకి దిగింది. జేబెజ్ అక్రాయిడ్ వేడి ఓట్స్ జావలో పాలు కలుపుకుంటూ కళ్లద్దాల పైనుంచి కూతురు హెస్టర్ వైపు చూశాడు. ఊళ్లోని ఉన్ని మిల్లు ఆయనదే. పేదలకు ఎవరికి ఏ సాయం అందాలో తేల్చే బోర్డుకు అధ్యక్షుడూ ఆయనే.

"ఏమ్మా, పత్రికకు మళ్లీ రాశావట. ఈసారి ఏ సోమరిపోతు మీద జాలి కురిపించావు?"

"జబ్బుపడ్డవాళ్ల మీద, నాన్నా. ముసలివాళ్ల మీద. పని కావాలని తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్ల మీద. మీరు చెప్పే సోమరిపోతు ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు. వాడొక్కడి పేరు చెప్పి ఊరందరినీ మాడుస్తున్నారు."

"తేరగా కూడు దొరికితే ఒళ్లు వంచేదెవడు? నేనూ ఉన్ని మూటలు మోసి పైకొచ్చినవాణ్ణే. నాకెవరు పెట్టారు?"

"మీకు జబ్బు చెయ్యలేదు. అదే మీకు దేవుడు పెట్టింది."

"చాల్లే, టీ చల్లారిపోతోంది. ముందు తాగండి, తర్వాత పోట్లాడుకుందురు గాని," అంది తల్లి లవీనియా.

హెస్టర్ భర్త వైద్యుడు. ఇరుకు సందుల్లో జ్వరం రోగుల్ని చూస్తూ, ఆ జ్వరమే తనకూ తగిలి పోయాడు. పుట్టింటికి తిరిగొచ్చిన హెస్టర్ ఏడుస్తూ కూర్చోలేదు. ఆయన తిరిగిన సందులన్నీ తానూ తిరిగింది. పేదరికం పాపఫలం కాదనీ, సాయం అడిగినవాణ్ణి అవమానించి బాగుచెయ్యలేమనీ అక్కడే నేర్చుకుంది. ఆ మాట ఇంట్లోనూ బయటా చెప్పడం మానలేదు.

అంతలో పనిమనిషి వచ్చింది. "వెనక గుమ్మం దగ్గర ఎవరో ముసలాయన. మీతోనే మాట్లాడాలట, హెస్టరమ్మగారూ."

వాన తుంపరలో టోపీ చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు రూబెన్ సగ్డెన్. హెస్టర్ మేనత్త టామర్ భర్త. ఉన్ని దువ్వే కూలివాణ్ణి చేసుకుందని జేబెజ్ ఆ చెల్లెలితో మాటలు మానేసి ముప్ఫై ఏళ్లు దాటింది. హెస్టర్ మాత్రం అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేది. ఎప్పుడు వెళ్లినా "మాకేం లోటు తల్లీ" అని నవ్వుతూ పంపేసేవారు.

"లోపలికి రా మామయ్యా. తడుస్తున్నావు."

"వద్దమ్మా. నేనొచ్చినట్టు మీ అత్తకు తెలీదు. ఈ మధ్యాహ్నం మేం వర్క్‌హౌస్‌లో చేరిపోతున్నాం."

దిక్కులేనివాళ్లను లోపల ఉంచి, పని చేయించి తిండి పెట్టే బోర్డువారి ఆశ్రమం అది.

"కాస్త సాయం చేస్తే ఇంట్లోనే బతుకుతామని పోయిన వారం బోర్డును అడిగాం. లోపలికొస్తేనే తిండి అన్నారు. డబ్బు కోసం రాలేదు తల్లీ. లోపల మగవాళ్లకో వైపు, ఆడవాళ్లకో వైపు. మధ్యలో గోడ. నువ్వు ఆదివారాలు అక్కడికి వస్తూంటావు కదా. నేను బతికే ఉన్నానని దానికో మాట చెబుతూండు. అంతే."

"బోర్డులో నాన్న లేరా?"

"ఎందుకు లేరు? మధ్య కుర్చీలో ఉన్నారు. తల మాత్రం ఎత్తలేదు."

హెస్టర్ ముసలాయన చెయ్యి పట్టుకుని తిన్నగా భోజనాల గదిలోకే తీసుకొచ్చింది. లవీనియా లేచి నిలబడింది. జేబెజ్ చేతిలో చెంచా ఆగిపోయింది.

"నాన్నా, అత్తయ్యను వర్క్‌హౌస్‌కు పంపుతున్నారా?"

"బోర్డు పంపుతోంది."

"ఆ బోర్డుకు నోరు మీరే కదా!"

"నోరు కాబట్టే మూసుకున్నాను!" జేబెజ్ బల్ల మీద గుద్దాడు. "ఎంతమంది ముసలివాళ్లకు రూలంటే రూలే అని చెప్పాను! ఇవాళ నా చెల్లెలు వచ్చిందని తలుపు తీస్తే, నా మొహాన ఉమ్మెయ్యరూ?"

"ఏమండీ, రక్తసంబంధం కదండీ," అంది లవీనియా కళ్లు ఒత్తుకుంటూ.

"నాకు తెలీదా? వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. వెనక గది ఖాళీగానే ఉంది. ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యమను. ఇది నా ఇల్లు, బోర్డుతో పన్లేదు."

హెస్టర్ గొంతు తగ్గించింది. "ఆ మాట అత్తయ్యకు మీరే చెప్పండి. రండి."

టామర్ ఇల్లంటే ఒక్కటే గది. నేల కడిగి శుభ్రంగా ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. అన్నను గుమ్మంలో చూసి ఆమె తడబడింది గానీ ఏడవలేదు.

"లోపలికి రా అన్నయ్యా. కుర్చీ అమ్మేశాం. మంచం మీద కూర్చో."

జేబెజ్ నిలబడే చెప్పాడు. ఆమె చివరిదాకా విని తలూపింది.

"నీ మనసు మంచిదే. రమ్మంటే వస్తాను. మరి పక్కింటి డోర్కస్ దంపతులకు ఏ అన్న ఉన్నాడు? వాళ్లూ ఇవాళే చేరుతున్నారు. పొద్దున్నించీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు."

అంటూనే ఆమె తడిసిన భర్త చొక్కా విప్పి, ఆరిందొకటి తొడిగి బొత్తాలు పెట్టసాగింది. రూబెన్ చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. కాలే దువ్వెనలతో ఉన్ని దువ్వీ దువ్వీ అతని వేళ్లు కొంకర్లు తిరిగిపోయాయి.

"ఈ వేళ్లతో ఈయన బొత్తం కూడా పెట్టుకోలేడన్నయ్యా. అక్కడ ఈయనకు బొత్తాలు ఎవరు పెడతారు? మీ రూల్లో అది రాసి ఉందా?"

జేబెజ్ ఆ చేతుల వంక చూశాడు. సోమరితనం అన్న మాట ఆయన నాలుక మీదికి ఇక రాలేదు. మంచం మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. టామర్ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏడిస్తే నాకేం ఒరుగుతుంది? లే. నీకు బోర్డు వేళయింది."

ఆ రోజు బోర్డు గదిలో జేబెజ్ కుర్చీలో కూర్చోలేదు. అర్జీదార్ల బల్ల మీద కూర్చుని హెస్టర్ అంతా విన్నది. ముసలి దంపతుల్ని విడదీయకూడదనీ, ఇంట్లో బతకగలిగినవాళ్లకు ఇంటి దగ్గరే సాయం అందించాలనీ ఆయన ప్రతిపాదించాడు.

"చెల్లెలి కోసమా, జేబెజ్?" ఎవరో వెటకారం చేశారు. గదంతా నవ్వింది.

"అవును. పరాయివాళ్ల కన్నీళ్లు నాకు కనబడలేదు. సొంత చెల్లెలైతే గానీ కళ్లు తెరుచుకోలేదు. అది నా సిగ్గు. అంతమాత్రాన ఈ మాట అబద్ధమైపోదు. నవ్వడం అయిపోతే, ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ముందు చర్చి గురువు చెయ్యెత్తాడు. తర్వాత రొట్టెల వ్యాపారి. సందేహిస్తూ ఇంకొందరు. ప్రతిపాదన బొటాబొటీగా గట్టెక్కింది.

టామర్‌కూ డోర్కస్‌కూ ఆ మాట చెప్పి వస్తూంటే వాన వెలిసింది. తండ్రీ కూతుళ్లు ఇంటిదారి పట్టారు.

"ఇకనైనా పత్రికకు రాయడం మానతావా?" అన్నాడు జేబెజ్.

"పిల్లలున్న వితంతువుల సంగతి మిగిలే ఉంది నాన్నా. రోగుల సంగతీ ఉంది."

"నన్ను ఒప్పించడానికే నీకిన్నేళ్లు పట్టింది. లోకాన్ని ఒప్పించేసరికి ముసలిదానివైపోతావే."

"అవుతాను," అంది హెస్టర్.

ఆయన నవ్వాడు. కూతురి చెయ్యి తీసుకుని తన మోచేతిలో ఇరికించుకున్నాడు. ఇద్దరూ ఎత్తు దారి ఎక్కసాగారు.