లోపలి నుంచి రాని తలుపు

నా నాలుకను నేను నమ్ముతాను. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసినవాడికి అదీ ఒక పనిముట్టే. బండి కింద తడి కనిపిస్తే వేలు ముంచి, నాలుక కొనకు తాకించి, ఉమ్మేస్తాం. ఏ రుచీ లేకపోతే ఏసీ నీళ్ళు. తియ్యగా ఉంటే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్. అది విషమని తెలిసినా అలవాటు పోదు. నేను కనిపెట్టని లీకు లేదని డిపోలో చెప్పుకునేవాళ్ళు. ఎక్కువగా చెప్పుకుంది నేనే అనుకోండి.

మా తోడల్లుడు తన పాత కారు నాకు ఊరికే ఇచ్చినప్పుడే అనుమానం వచ్చింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. పోయినేడాది వాళ్ళమ్మ పోయాక ఇల్లు మారాడు, ఇప్పుడు కారూ మార్చాడు. "ఇది మీ అమ్మగారిని తిప్పడానికి పనికొస్తుందన్నయ్యా" అన్నాడు. అది మాత్రం నిజమే. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కాలు చాపుకోవాలి కాబట్టి ముందు, నా పక్క సీట్లోనే కూర్చోవాలి. ఆ పక్క తలుపు మాత్రం లోపలి నుంచి తెరుచుకోదు, బయటి నుంచే తీయాలి.

"ఇదెంతసేపు, చిటికెలో చేసేస్తాను" అన్నాను.

"వద్దన్నయ్యా, దాని జోలికి మాత్రం పోకు."

నవ్వుతూనే అన్నాడు. కాని తాళంచెవి నా చేతిలో పెట్టినప్పుడు అతని అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది.

మొదటి వారంలోనే కూలెంట్ డబ్బాలో మట్టం గీత కిందికి దిగింది. నింపాను. రెండు రోజులకి అర లీటరు మాయం. కారు కింద అట్ట పరిచి చూశాను, చుక్క లేదు. రేడియేటర్ మూత తీసి, ఆ చోట ప్రెషర్ పంపు బిగించి గాలి కొట్టాను. లీకుంటే ముల్లు పడిపోవాలి, గంటసేపైనా కదల్లేదు. వెనక పొగలో తెలుపు లేదు, ఇంజిన్ ఆయిల్ శుభ్రంగానే ఉంది. ఎటు చూసినా లీకు లేదు, కూలెంట్ మాత్రం పోతోంది.

పైగా కారు లోపల తియ్యటి వాసన. అమ్మ వైపు అద్దానికి లోపలి నుంచి ఆవిరి పట్టేది. తుడిస్తే మళ్ళీ పట్టేది. అమ్మ కూడా సీటులో సగమే వాడుకుంటూ, ఒక పక్కకి ఒదిగి కూర్చునేది. ఇంటికొచ్చాక తలనొప్పి అనేది. "ఈ కారెక్కితే నోరెండిపోతుందిరా" అని చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగేది. నాకు గుబులు పుట్టింది. ఆ ఆవిరి రోజూ పీలిస్తే డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఏమవుతుంది? కన్నతల్లిని చేజేతులా విషం పక్కన కూర్చోబెడుతున్నానా అనిపించి రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

ఇలాంటి కేసుల్లో నాకు తెలిసిన దొంగ ఒక్కటే, డాష్‌బోర్డు వెనక దాక్కునే హీటర్. చలికాలంలో కారు లోపల వెచ్చగా ఉండటానికి వేడి కూలెంట్ దానిలోంచి తిరుగుతుంది. దానికి చిల్లు పడితే కారు కింద కారదు, పక్క సీటు కాళ్ళ దగ్గర కారుతుంది. మ్యాట్ ఎత్తి చూశాను. తడి. దొరికావురా అనుకున్నాను, రుచి కూడా చూడలేదు. హీటర్‌కి వెళ్ళే పైపు, తిరిగొచ్చే పైపు ఊడదీసి రెంటినీ కలిపి బిగించేశాను. ఇక దానిలోకి చుక్క పోదు. ప్రెషర్ పంపు ముల్లు కదలకపోవడం ఒక్కటే లెక్కకి అందలేదు. దాన్ని పట్టించుకోలేదు. అదే నా తప్పు.

మూడో రోజుకి మళ్ళీ అర లీటరు పోయింది. మ్యాట్ తడి. ఈసారి వేలు ముంచి నాలుకకు తాకించాను.

ఉప్పగా ఉంది.

కారులో ఏదీ ఉప్పగా ఉండదు. మనిషి చెమట తప్ప.

ఆ రోజు ఆసుపత్రికి వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగాం. అమ్మ నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"ఏరా, ఆవిడకి కాసిని నీళ్ళివ్వకూడదూ?"

"ఎవరికమ్మా?"

"మెల్లగా అను. కాస్త జరగమంటే జరగదు పాపం. ఒళ్ళు కాలిపోతోంది."

మందుల ప్రభావం అనుకున్నాను. అనుమానం మొదలైతే ఇంట్లోవాళ్ళనీ వదలదు. అమ్మే సీసాలోని నీళ్ళు మ్యాట్ మీద ఒంపుతోందేమోనని కూడా అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

స్పేర్ పార్టుల షాపులో లీకులు పట్టే రంగు దొరుకుతుంది. కూలెంట్‌లో కలిపితే మామూలు వెలుతురులో తెలియదు. చీకట్లో దాని నీలం టార్చి వేస్తే పచ్చగా మెరుస్తుంది. వెంట్రుకంత సన్న లీకైనా దాగదు. కలిపి ఒక రోజు తిప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఇంటి పక్కనున్న నా షెడ్డు షట్టర్ కిందికి లాగాను. బయట ఎండ పెళపెళలాడుతోంది. లోపల చీకటి, డీజిల్ వాసన, రేకు పైకప్పు వేడికి టిక్కు టిక్కుమంటున్న చప్పుడు. షట్టర్ కింద సందులోంచి గీతంత వెలుగు.

ఇంజిన్ మీద టార్చి వేశాను. ఒక్క మచ్చ లేదు. పైపులు, పంపు, రేడియేటర్... శుభ్రం. హీటర్ వైపు కూడా శుభ్రమే.

పక్క సీటు తలుపు తీసి లోపలికి వంగాను.

నేను కూలెంట్‌లో కలిపిన రంగు తలుపు లోపలి వైపంతా పచ్చగా వెలిగింది.

వేళ్ళు... అద్దం నిండా వేళ్ళు. పైనుంచి కిందికి జారిన గీతలు. లోపలి హ్యాండిల్ చుట్టూ ముద్ర మీద ముద్ర, ముద్ర మీద ముద్ర... అద్దం మధ్యలో, కూర్చున్న మనిషి మూతి ఆనేంత ఎత్తులో, రెండు పెదాల గుర్తు.

అమ్మవి కావు. ఆ ముద్రల్లో ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. ఆ సగం వేలు ఎవరిదో నాకు తెలుసు. ఎన్నోసార్లు ఆ చేత్తో నాకు కాఫీ అందించిన మనిషి. మా తోడల్లుడి తల్లి.

అక్కడే నిలబడి అతనికి ఫోన్ చేశాను.

"మీ అమ్మగారు ఎక్కడ పోయారు?"

గుండెపోటుతో ఆసుపత్రిలో అని అప్పట్లో అందరికీ చెప్పాడు. ఇప్పుడు గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ఎవరేమన్నారు?" అన్నాడు.

"ఎవరూ అనలేదు. నీ తలుపు చెబుతోంది."

అతని గొంతు గుసగుసకి దిగింది.

"ఆఫీసులో సంతకం పెట్టాల్సి వచ్చింది... అమ్మని కారులో కూర్చోమన్నాను. అద్దాలు ఎత్తి, కారుకి తాళం వేసి వెళ్ళాను. రెండు నిమిషాల్లో వచ్చేస్తానన్నాను. గంటన్నరైంది. బయట ఎండ..."

"తలుపో?"

"అప్పటికే పాడైంది. బాగుచేయిద్దాం, చేయిద్దాం అనుకుంటూనే..."

"తర్వాతైనా ఎందుకు చేయించలేదు?"

ఫోన్ పెట్టేశాడు.

ఇన్నాళ్ళూ కూలెంట్ ఎవరి దాహానికి పోతోందో తెలిసింది. భయం కంటే ముందు నాకు కోపం వచ్చింది. అక్కడికక్కడే తలుపు లోపలి అట్ట ఊడదీశాను. హ్యాండిల్ నుంచి గొళ్ళేనికి పోయే కడ్డీ ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచాల్సిన గోరంత ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. అంతే. కొత్త క్లిప్పు పెట్టి, కడ్డీ తగిలించి, అట్ట బిగించి తలుపు మూశాను. ఇలాంటి డబ్బాలో నుంచి ఎవరైనా బయటికి రాగలగాలి. మా అమ్మైనా, ఎవరమ్మైనా.

రెండడుగులు వెనక్కి వేశాను.

లోపల హ్యాండిల్ కదిలింది.

ఆగింది. మళ్ళీ కదిలింది... నమ్మకం లేనట్టు, మెల్లగా.

టక్.

తలుపు తెరుచుకుంది. అణిగి ఉన్న సీటు నెమ్మదిగా పైకి లేచింది. పొయ్యి ముందు నిలబడినట్టు వేడి నా ముఖానికి తగిలి, పక్కనుంచి పోయింది. షట్టర్ కింద వెలుగు గీత ఒక చోట తెగి... మళ్ళీ కలిసింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు కూలెంట్ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తియ్యటి వాసన పోయింది, అమ్మ తలనొప్పీ పోయింది. ఇంట్లో వాళ్ళకి లీకు పైపులో ఉందని చెప్పాను. మా ఆవిడ నమ్మింది.

ఈ రోజు పొద్దున ఆసుపత్రికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. తోడల్లుడు. అతని భార్య, మా మరదలు, నాలుగు రోజులుగా మా ఇంట్లోనే ఉంది, ఆ ఇంట్లో అతనొక్కడే.

"అన్నయ్యా..." గొంతు ఎండిపోయి ఉంది. "ఆ తలుపు ఎందుకు బాగుచేశావు?"

అతని వెనక ఎవరో నీళ్ళు తాగుతున్నారు. గుటక... గుటక... గుటక... ఊపిరి తీసుకోవడానికైనా ఆగకుండా. ఫోన్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

తిరిగి చూస్తే అమ్మ కర్ర ఆనించుకుని, కారు వెనక సీట్లోకి ఎక్కడానికి తంటాలు పడుతోంది.

"అక్కడ కాలు చాపలేవమ్మా, ముందు కూర్చో."

"వద్దులేరా." అమ్మ ఎక్కి కూర్చుని, మోకాలు నిమురుకుంటూ అంది. "ఆ రోజు నువ్వు షెడ్డు మూసుకుని పనిచేస్తున్నప్పుడు ఆవిడ గుమ్మం దగ్గరికొచ్చి వాళ్ళబ్బాయి కొత్త ఇల్లు ఎక్కడని అడిగింది. దారి చెప్పాను. రెండు నిమిషాల్లో వచ్చేస్తాను, నా సీటు మాత్రం ఎవరికీ ఇవ్వకండి అంది."

నేను ముందు తలుపు వైపు చూశాను. మూసే ఉంది. లోపల ఎవరూ లేరు. అద్దానికి ఆవిరి పడుతోంది. చేత్తో తుడిచాను, పోయింది. మళ్ళీ పట్టింది.

ఈసారి బయటి వైపు నుంచి.