షెడ్డులో ఊగే ఎర్రకారు

ఫిల్మ్ నగర్‌లో మూతపడ్డ ఒక సినిమా ఆఫీసు వెనక రేకుల షెడ్డు ఉండేది. దానికి మంచి పేరు లేదు. రాత్రి పది దాటితే ఆటోవాళ్లు అక్కడ ఆగరు. ఎంతిస్తానన్నా ఆగరు. ఎందుకయ్యా అంటే — లోపలున్న కారు దానంతటదే ఊగుతుందట. కిర్రు... కిర్రు... అని గోడ బయటికి వినిపిస్తుందట.

విన్నది విన్నట్టు చెప్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. అలాంటి ఒక కంపెనీలో పనిచేసే అరవింద్ ఆ కారును కొన్నాడు. అతనికదే మొదటి కారు. రెండే సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఒకప్పుడు ఎరుపు, అప్పటికి అంతా తుప్పు. చిన్నప్పుడు తెర మీద చూసి మనసు పారేసుకున్నాడు. బేరం తెగాక బానెట్ ఎత్తి చూస్తే — లోపల ఇంజినే లేదు!

వాచ్‌మన్ జంగయ్య నవ్వాడు. "ఇంజిన్ ఎన్నడో పీకిండ్రు సార్. షూటింగుల గిది నిలబెట్టుడే. ఎనక తెర మీద చెట్లు ఉరుకుతుంటె, నేనో పక్క, నా తోటి పనోడు బసవపున్నయ్యో పక్క కింద కూసొని ఊపెటోళ్లం. చూసెటోళ్లకు బండి ఉరికినట్టే."

సంగతి తెలిసి అరవింద్ ఆఫీసంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వినవాడు కమలాకర్. అరవింద్ పక్క సీటువాడు, పైగా ప్రాణస్నేహితుడు. ఆ రాత్రి అతనికి అన్నం సయించింది, కమ్మగా నిద్ర పట్టింది. స్నేహితుడు మునిగితే నిద్ర పట్టే మనుషులుంటారండీ, ఏం చేస్తాం.

అయితే అరవింద్ మొండిఘటం. ఎనిమిది నెలలపాటు, సెలవు దొరికితే చాలు, షెడ్డులోనే ఉండేవాడు. ఎక్కడెక్కడో వెతికి ఇంజిన్ తెచ్చి బిగించాడు. తుప్పు గీకాడు, ఎర్రరంగు వేయించాడు, సీట్లు కుట్టించాడు. కారు నిగనిగలాడేకొద్దీ కమలాకర్‌కు కడుపు మండిపోయింది. తను వాయిదాల మీద కొన్న కొత్త తెల్లకారు వంక ఒక్కడూ చూడడు. చివరికి భార్య స్ఫూర్తి కూడా, అరవింద్ గారికెంత ఓపికో చూడండి అని ఒకటే మెచ్చుకోలు.

ఆదివారం పొద్దున కారు మొదటిసారి బయటికి తీయాలి. ఆఫీసువాళ్లందరూ వస్తున్నారు. శనివారం సాయంత్రం అరవింద్ షెడ్డు తాళంచెవి తెచ్చి కమలాకర్ చేతిలో పెట్టాడు. "రేపు తలుపు నువ్వే తెరవాలి మామా. నా పక్కన మొదట కూర్చునేదీ నువ్వే."

అంత మాటకు ఎవరైనా కరగాలి. కమలాకర్ కరగలేదు.

రాత్రి పదకొండింటికి ఒక్కడే వచ్చాడు. తాళం తీశాడు. జంగయ్య ఎక్కడా కనబడలేదు. సెల్లు వెలుగులో బానెట్ ఎత్తి, రోటర్ అనే బొటనవేలంత ముక్కను ఊడబీకి జేబులో వేసుకున్నాడు. అది లేకపోతే బండి కుయ్యిమనదు. రేపు అందరి ముందూ తాళం తిప్పి తిప్పి అరవింద్ మొహం ఎంత వాడిపోతుందో... తలుచుకుంటేనే చల్లగా ఉంది.

ఇక వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాడు. అరవింద్ కన్నా ముందు ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి... ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

కిర్రు...

కారు కదిలింది. అటు ఒకసారి... ఇటు ఒకసారి... మెత్తగా, రోడ్డు మీద పోతున్నట్టే. కమలాకర్ ఠక్కున కళ్లు తెరిచాడు.

ఎడమ కిటికీలోంచి ఒక తల లేచింది.

జంగయ్య.

"భయపడకుర్రి సార్. ఎవరన్న కూసుంటె నా చెయ్యి ఊకుండది."

హమ్మయ్య అనుకున్నాడు కమలాకర్. తిట్టబోయి నవ్వేశాడు. జంగయ్య లేచి నిలబడి, తువ్వాలుతో రెండు చేతులూ తుడుచుకున్నాడు. తీరిగ్గా తుడుచుకున్నాడు.

కారు ఊగుతూనే ఉంది.

జంగయ్య కారు మీదుగా కుడి పక్క చీకట్లోకి చూసి, మెల్లగా అన్నాడు. "పున్నయ్యా... కట్ చెప్పిండ్రు. ఇగ ఆపు."

కారు ఆగిపోయింది.

అటు ఎవరని కమలాకర్ అడిగాడు.

"బసవపున్నయ్య సార్. పోయి పదేండ్లాయె. బతికినన్నాళ్లు ఊపుడే గాని, ఒక్కసారన్న ఎక్కి కూసోలే. కూసున్నోళ్లను జూస్తే కడుపు మండేది పాపం. గా మంటతోనే సచ్చిండు. గందుకే ఏడికీ పోలే."

కమలాకర్ దిగాడు. జేబులోంచి రోటర్ తీసి, ఎక్కడిది అక్కడ పెట్టి బిగించాడు.

తెల్లారింది. తాళం తిప్పగానే కారు స్టార్టయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అరవింద్ ఎడమ తలుపు తెరిచి, రా మామా అన్నాడు.

కమలాకర్ ఆ సీటు వంక చాలాసేపు చూశాడు. ఎనిమిది నెలలుగా కలలోకి వచ్చిన సీటు. "నేను తర్వాత ఎక్కుతా," అన్నాడు. "ఈ ఒక్కసారికి ఖాళీగా ఉండనీ."

అరవింద్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా ఒక్కడే బయల్దేరాడు. కారు గేటు దాటి, జూబ్లీ హిల్స్ వైపు రోడ్డెక్కింది. జంగయ్య, కమలాకర్ గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఎందుకో గానీ, ఆ పూట కమలాకర్‌కు కుళ్లు రాలేదు.

కుడి పక్కన కూర్చుని నడుపుతున్నది అరవింద్ ఒక్కడే. కారు మాత్రం కాస్త ఎడమ పక్కకు ఒరిగి పోతోంది.