తీతువు గూడు, నా డ్రోను

"ఏమప్పా, ఆ తిరిగేదాన్ని ముందు కిందికి దించు."

దీవెన నాతో అన్న మొదటి మాట ఇదే. దొర్నిపాడు దగ్గర బీడులో పెళ్లి చేసుకోబోయే జంటకు షూటింగ్ చేస్తున్నాను. నంద్యాలలో మా స్టూడియోకి పేరొచ్చింది డ్రోను వల్లే. దీవెనది ఆళ్లగడ్డ. సైన్సు టీచరు. మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి.

"పర్మిషన్ ఉంది మేడం."

"పిట్టల్ని అడిగినావా?"

పెళ్లికొడుకు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కానీ కోపంలో ఆమె బాగుంది, అబద్ధమెందుకు.

సారీ చెప్పే వంకతో తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. చర్చి అయ్యాక ఆమె అక్కడికే వస్తుంది. పిట్టను ఫొటో తీసి యాప్‌లో పెడితే పేరు చెబుతుందని చూపించింది. నేను వెలుతురు కోసం తప్ప చూడని ఆ బీడులో పదకొండు రకాల పిట్టలున్నాయి. ఆపై ఒక్క ఆదివారం కూడా మానలేదు.

జూన్‌లో తీతువు పిట్ట నేలమీదే నాలుగు గుడ్లు పెట్టింది. అచ్చం మట్టిపెళ్లల్లా ఉన్నాయి.

"ఈ రాయి దాటి పోవద్దు అజయ్. ఈణ్నుంచే జూమ్ చేసుకో," అంది.

నేను దాటలేదు. ఆమె లేని రోజు చూసి డ్రోనుని పంపాను. పైనుంచి తీస్తే తప్పేముంది అనుకున్నాను. ఆ వీడియో చివర 'నన్ను పెళ్లి చేసుకుంటావా' అని రాసి ఆమెకు పంపాలని నా ప్లాన్.

తల్లీ తండ్రీ పిట్టలు రెండూ గుడ్లను వదిలి, అరుస్తూ డ్రోను వెంటపడ్డాయి. షాట్ అదిరిందని మురిసిపోయాను. స్టూడియోకొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే, ఫ్రేములో ఓ మూల కాకులు దిగి గుడ్లను ఒక్కొక్కటీ ఎత్తుకుపోతున్నాయి.

ఆదివారం దీవెన ఖాళీ గూడు చూసి కూలబడింది.

"కుక్కలేమో అజయ్. ఇంకో ఆరు దినాలుంటే పిల్లలొచ్చేవి."

అంటూ నా చెయ్యి పట్టుకుంది, మొట్టమొదటిసారి. నోరు మూసుకుంటే సరిపోయేది. నావల్ల కాలేదు. ఫోన్ తీసి వీడియో చూపించాను.

చివరిదాకా చూసింది. చెయ్యి ఎప్పుడు వదిలేసిందో తెలీదు.

"ఎందుకు తీసినావు?"

"నీకోసమే."

"నాకోసమైతే నా మాట ఎందుకు ఇనలే?"

సన్నగా తుంపర మొదలైంది. దూరంగా ఆళ్లగడ్డ బస్సు వస్తోంది.

"దీవెనా, నిన్నొక మాట అడగాలని..."

"తెలుసు. ఇప్పుడు అడగొద్దు. సరే అంటానేమోనని భయంగా ఉండాది."

బస్సెక్కి వెళ్లిపోయింది. నేను సిగ్గుతో ఏడాదిపాటు ఆ వైపే పోలేదు, ఫోన్ కూడా చేయలేదు. చివరికి ధైర్యం చేసి వెళితే, బీడు ఆసామి లక్ష్మీనారాయణ కనిపించాడు.

"టీచరమ్మకు పోయిన నెల పెండ్లయిందప్పా," అన్నాడు. "నువ్వు రావడం మానేసినాక మూడు ఆదివారాలు వచ్చింది. నీ బండి వస్తాందేమోనని రోడ్డుతట్టే చూస్తా కూర్చుంటాండె."

ఆ మూడు ఆదివారాలూ నేను స్టూడియో తలుపు వేసుకుని, ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తూ కూర్చున్నాను.